అప్‌డేట్: కాపర్-టీనా, అంతర ఇంజెక్షనా?

రెండో బాబు పుట్టాక, మళ్లీ గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్-టీనా, అంతర ఇంజెక్షనా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. సలహాలిచ్చిన అక్కలందరికీ థ్యాంక్స్. హనుమకొండలో డాక్టరమ్మను కలిశాను. అంతర సర్కారు దవాఖానాలో ఉచితమే కానీ 3 నెలలకోసారి తేదీ గుర్తుపెట్టుకొని వెళ్లడం నా వల్ల కాదు. కాపర్-టీ 380ఏ అయితే 10 ఏళ్లు పనిచేస్తుంది. కాకపోతే నాకసలే రక్తం తక్కువ, నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువ. కాపర్-టీతో అది ఇంకా పెరగొచ్చని, దాని బదులు హార్మోన్ లూప్ (కాపర్-టీ లాగే గర్భసంచిలో పెట్టేదే, కానీ రాగి బదులు హార్మోన్ ఉంటుంది) చెప్పారు. ఖర్చు ఎక్కువైనా అదే వేయించుకున్నా. చీమ కుట్టినట్టు ఉంటుందన్న అక్క ఎవరో గానీ, నాకైతే గట్టిగానే నొప్పి వచ్చింది! మధ్యమధ్యలో మరకలు కనిపిస్తున్నాయి, మొదటి కొన్ని నెలలు మామూలేనట. అత్తమ్మ మాత్రం "ఆపరేషన్ చేయించుకుంటే అయిపోయేది కదా బిడ్డా" అంటూనే ఉంది. మీ కొడుక్కి చేయిద్దామా అంటే టాపిక్ మార్చేస్తుంది.