జపాన్ ఫుకుషిమాలోని నమియే ఊరి సాకే (బియ్యంతో కాచే మద్యం) 'ఇవాకి కొతొబుకి' తాగినవాళ్లున్నారా? చల్లగానా, వేడిగానా?

సెందాయ్_శీను:
నమియే మిచి-నో-ఎకిలో (రోడ్డు పక్క విశ్రాంతి కేంద్రం, దుకాణాలుంటాయి) జున్‌మాయ్ (విడిగా ఆల్కహాల్ కలపని సాకే) సీసా కొన్నాను. 2011 సునామీలో బ్రూవరీ కొట్టుకుపోయి, యమగతలోని నగాయ్‌కి వెళ్లి నిలదొక్కుకుని, 2021లో మళ్లీ సొంత ఊళ్లో కాచడం మొదలుపెట్టిన సుజుకి వాళ్లదే. చల్లగా తాగితే వాసన పెద్దగా లేదు. నోట్లో అన్నం తీపి, మింగాక కాస్త పులుపు. వేడి చేస్తే బాగుంటుందా? నంజుకోడానికేంటి? మూత తీశాక ఎన్నాళ్లుంటుంది?

గోదారిగట్టు:
వేడి చెయ్యండి! ఉకెదో రేవు జాలర్లు వేట బాగా పడితే పంచుకున్న సాకే అది. బియ్యాన్ని బాగా పాలిష్ పట్టి కాచే, పళ్ల వాసనల దైగింజో రకం కాదు. వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి 45 డిగ్రీలకు తెస్తే ఆ పులుపు సర్దుకుంటుంది.

కోజీ_బాబు:
బ్రూవరీలో కోజీ (అన్నం మీద పెంచే బూజు) గదిలో పనిచేసినవాణ్ణి, చెప్తున్నా వినండి. ముందు లేబుల్ చూడండి. 'నామా' (పాశ్చరైజ్ చెయ్యనిది) అని ఉంటే ఫ్రిజ్‌లోంచి నేరుగా గ్లాసులోకే. ఇంకోటి, ఇది పాత సాకే అనుకోకండి. అప్పటి బ్రూవరీ సముద్రం ఒడ్డున ఉండేది. చోటు మారింది, నీళ్లు మారాయి.

వరికంకి:
నీళ్లు మారితే? ఈస్ట్ అదే కదండీ! సునామీకి ముందు పరీక్షకిచ్చిన షుబో (ఈస్ట్ పెంచే తొలి పులియబెట్టు) నమూనా ఐజు-వకమత్సు ల్యాబ్‌లో మిగిలింది. దాంతోనే మళ్లీ మొదలుపెట్టారు. అది పాత సాకే కాదంటే ఎలా?

కోజీ_బాబు:
ఒకే క్యోకాయ్ (బ్రూవర్ల సంఘం అందరికీ ఇచ్చే) ఈస్ట్‌ని ఎన్నో బ్రూవరీలు వాడతాయి. రుచి ఒకటేనా? సాకేలో 80 శాతం నీళ్లే. తెలియకపోతే అడగండి, వాదించకండి.

వరికంకి:
మీకొక్కరికే తెలుసా? 2011 అణు ప్రమాదంతో ఊరంతా ఖాళీ అయ్యాక తిరిగొచ్చి కాస్తున్నవాళ్లకి ఇది తమ సాకేనో కాదో తెలీదా?

చెన్నపట్నం_చిన్ని:
అసలు ఫుకుషిమా బియ్యం కదా, రేడియేషన్ టెన్షన్ లేదా మీకు?

ఇవాకి_కోడలు:
ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. మా అత్తగారిది ఇక్కడే వ్యవసాయం. 2012 పంట నుంచి ఏళ్ల తరబడి ప్రతి బస్తానీ మిషన్ మీద పెట్టి చూశారు, కిలోకి 100 బెకెరెల్ (రేడియోధార్మికత కొలమానం) దాటితే అమ్మకం లేదు. ఇదే ఫుకుషిమా 2022 దాకా వరసగా 9 సార్లు జాతీయ కొత్త సాకే పోటీలో అందరికంటే ఎక్కువ బంగారు పతకాలు తెచ్చుకుంది. పుకార్లు మోయకండి.

చెన్నపట్నం_చిన్ని:
అడిగితే కూడా తప్పేనా?

గోదారిగట్టు:
అడగండమ్మా, కాని ఆ ఊరివాళ్లు ఇదే ప్రశ్నకి ఎన్నేళ్లుగా జవాబు చెప్తున్నారో కూడా చూడండి. శీనూ, కాల్చిన సబా (మాకెరెల్) చేప పెట్టుకో, ఉప్పు కాస్త ఎక్కువున్నా పర్లేదు.

మట్టిపాత్ర:
అదే మిచి-నో-ఎకిలో ఒబొరి సోమా (నమియే కుమ్మరుల మట్టిపాత్రల రకం) కప్పులు చూడలేదా? లోపలొకటి, బయటొకటి రెండు గోడలుంటాయి, మధ్యలో గాలి. సాకే వేడి తగ్గదు, చెయ్యి కాలదు. నీలిపచ్చ మెరుగు మీద సన్నని పగుళ్లు, పరిగెత్తే గుర్రం బొమ్మ. ఆ కుమ్మరులూ నమియే వదిలి పోవాల్సి వచ్చినవాళ్లే. ఈసారి వెళ్తే ఒకటి కొనుక్కోండి.

వరికంకి:
పగుళ్లలోంచి సాకే కారదా?

మట్టిపాత్ర:
కారదు. అవి పైపూతలోనే. కొన్నాక ఒకసారి గంజిలో మరగబెట్టండి, మరకలు త్వరగా పట్టవు.