నెయ్యి, పాలు లేని ఖర్జూరం లడ్డూలు చేతికి అంటుకోకుండా ఎలా చేయాలి?

అందరికీ నమస్తే. ఆదివారం మా పాప ఐదో పుట్టినరోజు. వచ్చే పిల్లల్లో ఒకరికి పాలు పడవు, ఇద్దరు వీగన్ ఇంటివాళ్లు. మా ఇంట్లో ఓవెన్ లేదు. అందుకే లడ్డూలు అనుకున్నా.

నిన్న ఒక వాయి చేసి చూశా. పావుకిలో ఖర్జూరం, గుప్పెడు బాదం, గుప్పెడు వేయించిన నువ్వులు, రెండు చెంచాల కోకో పొడి. ఖర్జూరం గట్టిగా ఉందని వేడినీళ్లలో పావుగంట నానబెట్టా. అక్కడే దెబ్బతిన్నానేమో! ముద్ద హల్వాలా అయి మిక్సీ బ్లేడు కింద ఇరుక్కుంది. గరిటె కాడతో తవ్వి తీశా. ఎండుకొబ్బరి పొడిలో దొర్లించినా గంటకే తడిసి కాగితం కప్పుకి అతుక్కుపోయాయి. రుచి మాత్రం సూపర్, మా అత్తయ్య నిలబడే మూడు తినేశారు.

కొన్నింటికి డార్క్ చాక్లెట్ పూత కూడా వేశా (పాలపొడి లేనిదే, అట్ట వెనక చదివి మరీ కొన్నా). కరిగించేటప్పుడు కొబ్బరినూనె కలిపా. ఫ్రిజ్‌లో రాయిలా ఉంది, బయటపెట్టిన పది నిమిషాలకు వేళ్లనిండా చాక్లెట్టే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మా విజయవాడ ఎండకి ఏం ఆగుతుంది?

నానబెట్టకుండా ఖర్జూరానికి ఆవిరి పట్టిస్తే చాలా? తడి పీల్చడానికి పుట్నాల పొడి మంచిదా, వేయించిన ఓట్స్ పొడా? ఈ కొలతకి ఎంత వేయాలి? పూతలో నూనె మానేస్తే నిలుస్తుందా? శనివారం రాత్రే చేసి పెట్టుకోవచ్చా?

బెల్లం పాకం మాత్రం చెప్పకండి, నాకు జన్మలో కుదరలేదు.