అప్‌డేట్: అనాథ పిల్లల్ని పెంచింది ఎవరో తేలింది (పెన్సిల్వేనియా, 1860లు)

తేలాక చెబుతానన్నాను కదా. పాత ప్రశ్న చూడనివాళ్లకు: మా ఆవిడ అమెరికన్. వాళ్ల పూర్వీకుల్లో ఒకాయన అంతర్యుద్ధంలో పోయారు, ఆ తర్వాత భార్య కూడా. 1870 జనాభా లెక్కల్లో పిల్లలు ముగ్గురూ వేరే ఇంటిపేరున్న రైతు ఇంట్లో కనిపించారు. ఆయన చుట్టమా, పరాయివాడా? ఆ లెక్కల్లో చుట్టరికం రాయలేదు, ఆ గడి 1880లోనే వచ్చింది.

సొంత మేనమామే! పెన్సిల్వేనియాలో ఇలాంటివి చూసేది ఆర్ఫన్స్ కోర్టు. తనను గార్డియన్‌గా పెట్టమని ఆయన వేసిన అర్జీ, హామీదారుల బాండు కౌంటీ కోర్టులో దొరికాయి. పద్నాలుగేళ్లు దాటినవాళ్లు గార్డియన్‌ని తామే ఎంచుకోవచ్చు, అందుకే పెద్దబ్బాయి సంతకం విడిగా ఉంది.

అసలు నిధి మాత్రం పెన్షన్ ఫైలు. అది చూడమన్నవాళ్లకు చాలా థాంక్స్. 1862 చట్టం ప్రకారం యుద్ధంలో పోయిన మామూలు సిపాయి భార్యకు నెలకు 8 డాలర్ల పెన్షన్. ఆమె పోతే పదహారేళ్లలోపు పిల్లలకు, గార్డియన్ ద్వారా. పుట్టిన తేదీలకు రుజువుగా మేనమామ ఇంటి బైబిల్లోంచి ఏకంగా పేజీయే చింపి పంపేశాడు! చిన్నపిల్ల పేరు మీద సిరా మరకతో సహా, అది వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది.

దత్తత కాగితాలు లేవు, పెంచుకున్నారంతే. పిల్లల్ని పడమటికి పంపిన ఆర్ఫన్ ట్రైన్లకూ దీనికీ సంబంధమే లేదు.

మీరూ వెతుకుతుంటే, తండ్రి సైనికుడైతే తల్లి పెన్షన్ ఫైలు తప్పక తెప్పించుకోండి. మాకు పిల్లల కాగితాలు అందులోనే కలిపేసి ఉన్నాయి.