కథలో ఎడారి దేశం: చూడదగ్గ చోట్లు ఏం పెట్టాలి?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ): మా పాప కోసం ఒక ఎడారి దేశాన్ని కల్పించి కథ రాస్తున్నాను. శిథిల నగరం, కోట, ఒంటెల సంత అన్నీ పెట్టాను. అయినా నమ్మబుద్ధి కావట్లేదు. ఏం తక్కువైంది?

జవాబు 1: నీళ్లండీ! జోర్డాన్‌లోని పెట్రా అనే పురాతన రాతి నగరం చూడండి. అందులోకి వెళ్లే సిక్ అనే ఇరుకు దారి సుమారు 1.2 కిలోమీటర్లు. దాని గోడల వెంబడి ఆ నగరాన్ని కట్టిన నబాతీయులు రాతిని తొలిచి కాలువ తీశారు, మట్టి గొట్టాలు వేశారు. అందరూ చివర్లో కనిపించే ఖజానా అనే రాతి కట్టడం కోసం పరుగెడతారు. నేనైతే ఆ కాలువ దగ్గరే ఆగమంటాను. ఊరు బతికింది దానివల్లే.

జవాబు 2: ముందు మన తొట్లకొండ ఎక్కండి. వాననీటి కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. పాపకు దగ్గరుండి చూపించండి.

ప్రశ్న అడిగినవారు: సరేనండీ, కోట తీసేసి తొట్టి పెడతాను. ఒంటెల సంత మాత్రం ఉంచుతాను, పాపకు అదే ఇష్టం.