అప్‌డేట్: మూతపడిన చరిత్ర చర్చా బృందం కాగితాలు

నల్లగొండలో ఏళ్లుగా నడిచిన చరిత్ర చర్చా బృందం మూతపడుతున్నది, వ్యాసాలు, శాసనాల అచ్చులు (రాతి మీది అక్షరాలకు కాగితం అద్ది తీసిన నకళ్లు) ఏం చేయాలె అని ఇక్కడ అడిగిన. ఇప్పటికి తేలింది ఇది.

అన్నిటికన్న సతాయించింది పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లు. ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లల్ల కొట్టినవి కొత్త కంప్యూటర్‌ల తెరిస్తే పిచ్చి గీతలే. ముందు ఆ ఫాంట్లున్న పాత సిస్టంల తెరిచి, ఫాంట్లు ఇమిడేటట్టు పీడీఎఫ్ చేయాలె. యూనికోడ్‌కు (ఏ కంప్యూటర్‌లనైనా కనబడే అక్షరాల పద్ధతి) మార్చుడు ఆ తర్వాతే. కన్వర్టర్ వత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పుతది. శాసన పాఠంల ఒక్క అక్షరం పోయినా ఊరి పేరే మారిపోతది, అందుకే ముద్రించిన ప్రతితోటి సరిచూసుడు తప్పదు. పాత ఫైలు మాత్రం తీసెయ్యొద్దు.

పానగల్లు వైపు తీసిన శాసనాల అచ్చులకు లామినేషన్ వద్దు. వేడికి అతికిన ప్లాస్టిక్ మళ్ల ఊడదు. సెల్లోటేప్ జిగురు పసుపెక్కుతది. మడతపెడితే మడతల మీది అక్షరాలు చిరుగుతయి, కాబట్టి లావు గొట్టానికి చుట్టి నూలుబట్ట కప్పాలె. ప్రతిదాని వెనుక పెన్సిల్‌తోటి ఊరు, రాయి ఉన్న చోటు, తీసిన తేదీ రాయాలె. ఇవి లేని అచ్చు పరిశోధకునికి పెద్దగ పనికిరాదు.

స్కాన్‌కు మామూలు కాగితాలైతే 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు, ఫొటోలకు 600.

వ్యాసాలు నెట్‌ల పెట్టాలంటే రచయితల రాతపూర్వక అనుమతి కావాలె. 1957 కాపీరైట్ చట్టం కింద రచయిత పోయినంక కూడ 60 ఏళ్లు హక్కు వారసులదే. ఆ సంతకాల పని ఇంక నడుస్తున్నది.