బరువు పెరిగి షుగర్ అదుపు తప్పింది: మళ్లీ దారిలో పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

వయసు 51, మగ. ఎత్తు 165 సెం.మీ., బరువు 84 కిలోలు, నడుము 104 సెం.మీ. టైప్-2 షుగర్ వచ్చి 9 ఏళ్లు. రెండేళ్ల కిందట బరువు 77, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 6.9. ఇప్పుడు 8.6. బీపీ మాత్ర ఒకటి ఉంది.

షుగర్ మందులు: గ్లిమెపిరైడ్ 2 + మెట్‌ఫార్మిన్ 500 + వోగ్లిబోజ్ 0.2 కలిపిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. డాపాగ్లిఫ్లోజిన్ 10 పొద్దున.

తిండి: పొద్దున రాగి జావ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మూడు జొన్నరొట్టెలు. పంచదార మానేశాను. సాయంత్రం అయిదింటికి విపరీతంగా ఆకలి, కాస్త వణుకు కూడా.

అడిగేది మూడు విషయాలు. రాత్రి భోజనం పూర్తిగా మానేస్తే బరువు త్వరగా తగ్గుతుందా? అన్నం పూర్తిగా ఆపాలా? తిండి తగ్గిస్తే మాత్రలు కూడా తగ్గించుకోవచ్చా?

పథ్యం_లెక్క

ముందు రాత్రి భోజనం సంగతి. మానకండి. మీరు వేసుకుంటున్న మాత్రలో గ్లిమెపిరైడ్ ఉంది. మీరు తిన్నా తినకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. రాత్రి మాత్ర వేసుకుని తినకుండా పడుకుంటే నిద్రలో షుగర్ పడిపోవచ్చు. అయిదింటి ఆకలి, వణుకు కూడా నాకు అదే దారిలో కనిపిస్తున్నాయి. ఆ సమయంలో ఒకసారి వేలు గుచ్చి చూడండి.

ఒక వారం ఏమీ మార్చకుండా కొలవండి. రోజుకు ఒకే పూట ఎంచుకుని తినబోయే ముందు ఒకటి, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి రెండు గంటలకు ఒకటి. చాలామంది చెయ్యి కడిగినప్పటి నుంచి లెక్కపెడతారు, అది తప్పు. రెండింటి మధ్య తేడా 50 లోపు ఉంటే ఆ పూట తిండి బాగానే ఉన్నట్టు. 70, 80 ఉంటే దోషం ఆ పూటదే. పరగడుపు షుగర్ ఒక్కటే చూసుకుంటే ఏ పూట తిండి చెడగొడుతోందో ఎన్నటికీ తెలియదు.

వేలు గుచ్చే ముందు సబ్బుతో కడిగి పొడిగా తుడవాలి. మామిడిపండు తిన్న వేలితో పరీక్ష చేస్తే మీటర్ అబద్ధం చెబుతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, తేమ తగిలితే అవి పాడవుతాయి. 150కీ 160కీ తేడా చూసి కంగారు పడొద్దు, మంచి మీటర్లలో కూడా 15 శాతం అటూ ఇటూ సహజం.

ఇక అన్నం. పూర్తిగా ఆపనక్కర్లేదు, తూచాలి. వంటింటి తూకం కొనండి. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు, కేలరీలు 130. మన భోజనంలో చిక్కంతా వడ్డన తీరులో ఉంది. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి, ఇలా నాలుగుసార్లు అన్నం పడుతుంది. ప్రతిసారీ "కొంచెమే" అనిపిస్తుంది గానీ మొత్తం కలిపి తూస్తే 400 గ్రాములు దాటడం మామూలే. అంటే 110 గ్రాములకు పైగా పిండిపదార్థం, 520 కేలరీలు.

150 గ్రాములు తూచి ఒకేసారి కంచంలో పెట్టుకుని గిన్నె వంటింట్లోనే వదిలేయండి. ముందు ఒక కప్పు కూర, పప్పు గానీ గుడ్డు గానీ చేప గానీ సగం తినేశాక అన్నం కలపండి. కూర, ప్రొటీన్ ముందు వెళ్తే తిన్నాక షుగర్ అంత ఎత్తుకు ఎగరదు. అన్నాన్ని పప్పుకీ కూరకీ సరిపెట్టి, చారు గ్లాసులో తాగండి, పెరుగు ఉత్తదే తినండి. పచ్చళ్లలో పంచదార లేదని ధీమా వద్దు. ఆవకాయ నూనె ఒక లెక్క, దాంతో లోపలికి వెళ్లే అన్నం ఇంకో లెక్క.

జొన్నరొట్టె మీద నమ్మకం అతిగా పెట్టుకున్నారేమో చూడండి. 50 గ్రాముల పిండితో చేసిన ఒక రొట్టె దాదాపు 120 గ్రాముల అన్నంతో సమానం. పీచు ఎక్కువ కాబట్టి మేలే, కానీ మూడు రొట్టెలంటే 100 గ్రాముల పిండిపదార్థం. ఒకటిన్నరకు దిగండి.

మందుల_కౌంటర్

మాత్రల ప్రశ్నకు జవాబు: తగ్గించాల్సి రావచ్చు, కానీ మీ అంతట మీరు కాదు. తిండి మార్చడానికి ముందే డాక్టర్ గారిని కలవండి, తరవాత కాదు. అన్నం సగానికి తెచ్చి గ్లిమెపిరైడ్ అలాగే ఉంచితే షుగర్ 70 కిందకు పడిపోవచ్చు. పడగానే దొరికింది తింటారు, బరువు తగ్గదు. నాలుగు నెలలు కడుపు మాడ్చుకున్నా కిలో తగ్గలేదని బాధపడేవాళ్లలో కొందరికి కారణం ఇదే కావచ్చు.

చిక్కేమిటంటే మీది మూడు మందుల మాత్ర. గ్లిమెపిరైడ్ ఒక్కదాన్ని తగ్గించాలంటే కుదరదు. సగానికి విరుద్దామనుకోకండి. ఇలాంటి వాటిలో మెట్‌ఫార్మిన్ ఎక్కువగా నెమ్మదిగా విడుదలయ్యే రకం, విరిస్తే ఒక్కసారిగా బయటికొస్తుంది. "గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ విడివిడిగా రాసివ్వండి" అని అడగండి. అప్పుడు బరువు పెంచే గ్లిమెపిరైడ్‌ని మెల్లగా దించుతూ మెట్‌ఫార్మిన్‌ని అలాగే ఉంచే వీలుంటుంది.

ఇంకొకటి, ఇది చాలా ఇళ్లలో తెలియదు. వోగ్లిబోజ్ వాడేవాళ్లకు షుగర్ పడిపోతే పంచదార, మిఠాయి, చాక్లెట్ వెంటనే పనిచెయ్యవు. పంచదారను పేగులో విడగొట్టే ఎంజైమునే ఆ మందు అడ్డుకుంటుంది. మీకు కావాల్సింది గ్లూకోజ్ పొడి: 15 గ్రాములు, అంటే మూడు చెంచాలు, అరగ్లాసు నీళ్లలో. పావుగంట ఆగి మళ్లీ కొలవాలి, ఇంకా 70 కిందే ఉంటే మళ్లీ అంతే. చిన్న పొట్లం జేబులో, బండిలో, ఆఫీసు సొరుగులో ఉంచండి.

డాపాగ్లిఫ్లోజిన్ గురించి. వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి సహించని రోజుల్లో దీన్నీ మెట్‌ఫార్మిన్‌నీ ఆపాలేమో డాక్టర్‌ని ముందే అడిగి రాసిపెట్టుకోండి. ఆపరేషన్ ఉంటే మూడు రోజుల ముందు ఆపిస్తారు. ఇది వాడుతుంటే మూత్రంలో షుగర్ ఎప్పుడూ కనిపిస్తుంది, షుగర్‌ని అలా బయటికి పంపడమే మందు చేసే పని. రిపోర్టులో అది చూసి బెదరకండి. జననాంగాల దగ్గర దురద, మంట వస్తే సిగ్గుపడకుండా చెప్పండి, ఈ మందుతో ఫంగస్ రావడం మామూలే.

కృష్ణాతీరం

చాలా థాంక్సండీ. వారం కొలిచాను. మామూలుగా కనిపించిన అంకెలు ఇవి: పరగడుపున 158, జావ తాగిన రెండు గంటలకు 246. మధ్యాహ్నం ముందు 141, తరవాత 208. సాయంత్రం అయిదింటికి వణుకు ఉన్నప్పుడు ఒకరోజు 68, ఒకరోజు 74. రాత్రి తినే ముందు 170, తరవాత 229. అయిదింటికి బిస్కెట్లు, కారప్పూస తింటున్నాను.

పథ్యం_లెక్క

మీ అంకెలు కథంతా చెప్పేశాయి. జావకు 88 పెరిగింది, అన్నిటికన్నా చెడ్డ పూట అదే. రాగి మంచిదే, కానీ మెత్తగా విసిరిన పిండిని ఉడికించి గ్లాసులో పోసుకుని రెండు నిమిషాల్లో తాగేస్తే నమలడం లేదు, ప్రొటీన్ లేదు. చకచకా అరిగిపోతుంది. తినే రూపాన్ని బట్టి ఫలితం మారుతుంది.

దాని బదులు పెసరట్టు. ఒక మనిషికి 60 గ్రాముల పెసలు రాత్రి నానబెట్టి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్రతో రుబ్బండి. గుప్పెడు బియ్యం వేసే అలవాటుంటే మానేయండి, అట్టు పెనానికి అంటుకోకుండా పెనం బాగా కాలనిచ్చి ఉల్లిపాయ చెక్కతో రుద్దితే చాలు. రెండట్లు వస్తాయి, అట్టుకి అరచెంచా నూనె. దాదాపు 14 గ్రాముల ప్రొటీన్. లోపల ఉప్మా వద్దు. అల్లం పచ్చడిలో బెల్లం వద్దు. పెసరట్టు విసుగొచ్చిన రోజు రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు, ముక్కలు బాగా వేసిన సాంబారు.

అయిదింటి 68 ఆకలి కాదు, మందు పని. ఈ అంకెలున్న కాగితం పట్టుకుని ఈ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "హెచ్‌బీఏ1సీ 8.6 ఉంది, డోసు పెంచుదాం" అని అక్కడ అనిపించేలోపు ఈ 68 చూపించడం ముఖ్యం. లేకపోతే పెంచిన డోసుతో పడడం ఇంకా ఎక్కువవుతుంది. సాయంత్రం మళ్లీ 70 కిందకు వస్తే ముందు గ్లూకోజ్. అది కుదురుకున్నాక, బిస్కెట్ల బదులు 30 గ్రాముల శనగలు నానబెట్టి చేసిన గుగ్గిళ్లు గానీ గ్లాసు మజ్జిగ, గుప్పెడు వేరుశనగలు గానీ తినండి. రాత్రి ముందు 170 ఉండడానికి ఆ కారప్పూసే కారణం.

పరగడుపు 158 గురించి ఇప్పుడే పట్టించుకోకండి. తెల్లవారుజామున కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది. పొట్ట, కాలేయంలో కొవ్వు తగ్గుతున్నకొద్దీ ఆ అంకె దిగుతుంది. రాత్రి భోజనం ఏడున్నరకు జరపడం మాత్రం ఇప్పటి నుంచే చెయ్యండి.

నూనె అడగలేదు గానీ చెప్పాలి. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్లు అయిపోతుంటే తలకు రోజుకు 33 మి.లీ., దాదాపు 275 కేలరీలు. 2 లీటర్లకు దించండి. నెల మొదట్లో డబ్బా మీద తేదీ రాసి పెట్టండి, అంతకన్నా కచ్చితమైన కొలత లేదు.

గోదారి_గట్టు

మా బంధువుల్లో కొందరు అన్నం, రొట్టె అన్నీ పూర్తిగా ఆపి కొబ్బరినూనె తాగే డైట్ చేస్తున్నారు. మాత్రలన్నీ మానేశామంటున్నారు. ఈయనకు అది తొందరగా పనిచెయ్యదా?

మందుల_కౌంటర్

ఈయన వాడే మందులతో అది ప్రమాదం. డాపాగ్లిఫ్లోజిన్ మీద ఉండి పిండిపదార్థం పూర్తిగా ఆపితే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే పదార్థాలు) పేరుకుని కీటోఅసిడోసిస్, అంటే రక్తం ప్రమాదకరంగా ఆమ్లంగా మారే స్థితి, రావచ్చు. అప్పుడు మీటర్‌లో షుగర్ 200 లోపే కనిపించవచ్చు కాబట్టి ఇంట్లో ఎవరూ గుర్తించరు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే షుగర్ ఎంతున్నా ఆసుపత్రికి వెళ్లి "ఈ మాత్ర వాడుతున్నాం" అని మొదట చెప్పాలి.

బాగా తక్కువ కేలరీలతో షుగర్ వెనక్కి తగ్గడం నిజమే. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనంలో రోజుకు సుమారు 850 కేలరీలతో కొన్ని నెలలు నడిపారు. ఏడాదికి 46 శాతం మంది మాత్రల అవసరం లేని స్థితికి వచ్చారు, 15 కిలోలు అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం. కానీ అందులో తీసుకున్నది షుగర్ వచ్చి ఆరేళ్ల లోపు ఉన్నవారిని, ఇన్సులిన్ వాడనివారిని. మందులు ఆపించింది వైద్యులే. 9 ఏళ్లయిన ఈయన ముందు 5 శాతం, అంటే 4 కిలోల పైచిలుకు తగ్గడం మీద చూపు పెట్టడం సబబు. వారానికి అరకిలో చాలు. అంతకు మించి, తిండి తగ్గించకుండానే బరువు జారుతూ దాహం, మూత్రం ఎక్కువైతే అది విజయం కాదు, షుగర్ ముదిరిందని అర్థం.

నడక_బృందం

పొద్దున గంట నడిచి రోజంతా కూర్చోవడం కన్నా, మూడు పూటలా తిన్న పావుగంటకు 15 నిమిషాలు నడిస్తే తిన్నాక పెరిగే షుగర్‌కి ఎక్కువ పని చేస్తుంది. ఈయనకు పొద్దున, రాత్రి పూటల తరవాత తప్పనిసరి. వారంలో మూడు రోజులు కండలకు పని చెప్పాలి: చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడు విడతలు, గోడకు చేతులానించి తోయడం అంతే. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కాపాడేది ఇదీ ప్రొటీనూ.

మధ్యాహ్నం తరవాత షుగర్ పడుతోంది కాబట్టి సాయంత్రం నడకకు ముందు కొలవండి, 100 లోపుంటే కొంచెం తిని బయల్దేరండి. వట్టి కాళ్లతో వద్దు, గుడికైనా పార్కులో గడ్డి మీదైనా. ఇంటికొచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి.

కృష్ణాతీరం

రెండు రోజుల్లో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది. ఏ పరీక్షలు అడగాలి? హెచ్‌బీఏ1సీ మళ్లీ ఎప్పుడు?

మందుల_కౌంటర్

క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ (ఈ రెండూ కిడ్నీల కోసం), కొలెస్ట్రాల్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హీమోగ్లోబిన్. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు కాబట్టి విటమిన్ బీ12 కూడా, ముఖ్యంగా పాదాల్లో తిమ్మిరి ఉంటే. కంటి డాక్టర్ దగ్గర రెటీనా పరీక్ష మాత్రం షుగర్ బాగా దించకముందే చేయించుకోండి. రెటీనా అప్పటికే దెబ్బతిని ఉంటే షుగర్ ఒక్కసారిగా తగ్గినప్పుడు కొంతకాలం అది ఇంకా ముదరవచ్చు.

హెచ్‌బీఏ1సీ మూడు నెలల తరవాతే. ఎర్రరక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, నెలకే చేయిస్తే పాత షుగర్ కూడా అందులో కలిసి వస్తుంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, హీమోగ్లోబిన్ అడగమన్నది అందుకే. ఈలోగా మీకు ఆధారం మీటరే: తినే ముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు, ఎక్కడా 70 కిందకు రాకూడదు. మందు మారిన మొదటి రెండు వారాలు అయిదింటి పరీక్ష మానకండి.