టకోమా గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) లేదు. లెవెల్ ఎలా చూడాలి?

డల్లాస్‌లో ఉంటాను. 2012 టొయోటా టకోమా వీ6 ఆటోమేటిక్ పికప్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 1,40,000 మైళ్లు తిరిగింది. ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (అదే, గేర్‌బాక్స్ ఆయిల్) ఎప్పుడైనా మార్చారో లేదో కాగితాలు లేవు. గేర్లు బాగానే పడుతున్నాయి, జారడం, కుదుపు ఏమీ లేవు.

మొన్న డ్రెయిన్ ప్లగ్ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు టిష్యూ మీద పట్టాను. ఎర్రగా ఉండాల్సింది, కాఫీ డికాక్షన్‌లా ఉంది. మాడు వాసన మాత్రం లేదు.

మెషిన్ ఫ్లష్‌కి (మెషిన్‌తో పాత ఫ్లూయిడ్ మొత్తం ఒకేసారి మార్చడానికి) నాకు ధైర్యం చాలడం లేదు. ఒకసారి డ్రెయిన్ చేస్తే టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఫ్లూయిడ్ నిండి ఉండే భాగం) ఉన్నది ఎలాగూ దిగదు కాబట్టి, ఎంత దిగితే అంత కొలిచి కొత్త డబ్ల్యూఎస్ ఫ్లూయిడ్ (ఈ బండికి టొయోటా చెప్పిన రకం) పోసి, కొన్ని వందల మైళ్లు నడిపి మళ్లీ అదే పని, అలా మూడుసార్లు చేద్దామనుకుంటున్నా. బండి ఎత్తుగా ఉంది కాబట్టి నా పొట్టతో కూడా జాకీ లేకుండానే కిందికి దూరొచ్చు!

చిక్కల్లా లెవెల్ దగ్గరే. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఫ్లూయిడ్ సరైన వేడిలో ఉన్నప్పుడు ఓవర్‌ఫ్లో ప్లగ్ (ఎక్కువైన ఫ్లూయిడ్ కారిపోయే రంధ్రం బిరడా) తీసి చూడాలట. ఆ వేడి ఓబీడీ రీడర్‌లో (బండి కంప్యూటర్‌కి తగిలించి రీడింగులు చూసే పరికరం) చూస్తే నమ్మొచ్చా? ఇక్కడి ఎండకి ప్లగ్ తీసేలోపే వేడి దాటిపోతుందేమోనని టెన్షన్. తెల్లవారుజామున చేస్తే నయమా? ఇన్ని మైళ్ల తర్వాత అసలు ముట్టుకోవద్దని ఒక ఫ్రెండ్ భయపెడుతున్నాడు. సొంతంగా చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.